నత్తి అయ్యవారు: అక్షరదీపం రోజుల జ్ఞాపకాలు

దేశసేవ కోసమే ఎన్‌ఎస్‌ఎస్‌లో (కాలేజీ పిల్లల జాతీయ సేవా పథకం) చేరామని ఎవరైనా చెబితే నేను పెద్దగా నమ్మను. 1990లో కావలిలో మేము డిగ్రీలో చేరినప్పుడు పేరు రాయించుకున్న వాళ్ళలో సగం మందికి సర్టిఫికెట్ కావాలి, మిగతా సగానికి క్యాంపులో పెట్టే భోజనం కావాలి. నా కారణం వేరే. శనివారం మధ్యాహ్నం ఇంగ్లీషు మాస్టారు ఒక్కొక్కర్నీ లేపి పాఠం గట్టిగా చదివించేవారు. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళకి ఆ పూట బయట పని ఉండేది, క్లాసుకి రాకపోయినా హాజరు పడేది. నేను పరిగెత్తుకుంటూ పోయి చేరాను.

నాకు నత్తి. మాట మొదట్లోనే గొంతు పట్టేసేది. క, ప, త లాంటివి వచ్చాయంటే ఇక అంతే. నెల్లూరు బస్టాండులో ఎక్కాక కండక్టరు “ఎక్కడికి?” అంటే “కావలి” అన్న ఆ చిన్న మాట బయటికి రాదు. వెనకాల వాళ్ళందరూ చూస్తుంటారు. “ఒంగోలు” మాత్రం తేలిగ్గా వచ్చేది. అందుకని ఒంగోలుకు టికెట్ తీసుకుని కావలిలో దిగిపోయేవాణ్ణి. మా అమ్మ ఎట్లా కూడబెట్టి ఇచ్చేదో, ఆ డబ్బులు అట్లా ఒంగోలు దాకా పోయేవి.

అమ్మ కూడబెట్టడం అని ఎందుకన్నానంటే, మా నాయన తాగేవాడు. ఎనభైల్లో వారుణి వాహిని అని పేరు పెట్టి ప్రభుత్వమే సారాని పాలిథీన్ ప్యాకెట్లలోకి ఎక్కించింది. అంతకుముందు తాగాలంటే అంగడి దాకా నడిచిపోవాలి, నలుగురి కంట్లో పడాలి. ప్యాకెట్టు వచ్చాక జేబులో వేసుకుని చేలోకి పోవడమే. కూలి డబ్బులకు బదులు ప్యాకెట్లు చేతిలో పెట్టే మేస్త్రీలు కూడా ఉండేవాళ్ళు. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియకూడదని నేను పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. నత్తి ఉన్నందుకు అందులో ఒక లాభం, ఇంటి విషయాలు ఎవరూ అడగరు.

మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. పేర్లు రాయను, ఇద్దరూ బాగానే ఉన్నారు, ఇది చదివితే నన్ను తిట్టేంత చనువు కూడా ఉంది. ఒకడు ఉదయగిరి మెట్ట నుంచి వచ్చినవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడం కాలు సన్నబడిపోయింది. కుడికాలు ఒక్కదాంతోనే పెడల్ తొక్కుతూ సైకిల్ నడిపేవాడు, వెనక నన్ను ఎక్కించుకుని మరీ. ఎవరైనా “పాపం” అన్నారంటే వాళ్ళతో ఆ ఏడాదికి మాటలు బంద్. లెక్కల పేపరు పోయి తిరుపతి నుంచి మార్కుల లిస్టు వచ్చిన రోజు (అప్పట్లో నెల్లూరు జిల్లా కాలేజీలన్నీ ఎస్వీ యూనివర్సిటీ కిందే) హాస్టల్ గదిలో తలుపేసుకుని రెండు పూటలు అన్నానికి రాలేదు. ఇంకొకరు బుచ్చిరెడ్డిపాళెం అమ్మాయి. ఇంటర్ అవగానే సంబంధం కుదిరింది, శుభలేఖలు కూడా అచ్చయ్యాయి, కట్నం దగ్గర తేడా వచ్చి తప్పిపోయింది. తప్పు ఎవరిదైనా మాట పడేది ఆడపిల్లే గదా. కాలేజీకి రావడం, మొదటి బెంచీలో తల వంచుకుని రాసుకోవడం, వెళ్ళిపోవడం. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో మొదటి ఏడాది మాకెవరికీ తెలియదు.

ఎన్‌ఎస్‌ఎస్ 1969లో, గాంధీ శతజయంతి ఏడాది మొదలైంది. “నేను కాదు, నువ్వు” అని దాని నినాదం. ఏడాదికి 120 గంటలు పని చేయాలి. మేము ఆ గంటల్ని ఆవరణలో సర్కారు తుమ్మ కంప కొట్టి, గోడలకు సున్నం వేసి నింపుతూ వచ్చాం. అదే కంప మళ్ళీ మొలుస్తుంది, మళ్ళీ కొడతాం. సేవకు కొరత లేదు.

1991లో నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు నేర్పే అక్షరదీపం వచ్చింది. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు గనక రెండు ముక్కలు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టారు. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం దేశంలోనే మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా పేరు తెచ్చుకుంది. మన దగ్గర చిత్తూరు ముందు అందుకుంది, తర్వాత మా నెల్లూరు. 1991 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో చదవడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. జీతాలు ఇచ్చి పంతుళ్ళను పెట్టడానికి డబ్బుల్లేవు గనక ఊరికి కొందరు వాలంటీర్లు, పదిమందికి ఒకరు అన్న లెక్కన. కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఎట్లాగూ ఉన్నారు. కంప కొట్టే గంటలు పోయి పాఠం చెప్పే గంటలు వచ్చాయి. శనివారం పాఠం చదవడం తప్పించుకోవడానికి చేరిన నాకు రోజూ రాత్రి పాఠం చదివే పని పడింది. దేవుడికి హాస్యం బాగా ఎక్కువ.

మాకిచ్చిన ఊరు జలదంకి వైపు. బుచ్చి అమ్మాయి మేనత్త ఇల్లు ఆ ఊళ్ళోనే ఉండడంతో వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు. అది కూడా మా ప్రోగ్రాం ఆఫీసరు సారు స్వయంగా వాళ్ళింటికి పోయి కాఫీ తాగి, పూచీ పడితే.

ముందు సర్వే. ఇంటింటికీ తిరిగి ఎవరికి చదువు రాదో రాసుకోవాలి. మొగవాళ్ళు చాలామంది వచ్చనే చెప్పేవాళ్ళు, రాకపోయినా. ఆడవాళ్ళు అట్లా కాదు. “మాకెందుకు నాయనా ఈ వయసులో? మా పిల్లకాయలకు చెప్పు” అని నవ్వేవాళ్ళు. తర్వాత కళాజాత వచ్చింది. డప్పు, పాటలు, చిన్న చిన్న నాటికలు, రచ్చబండ దగ్గర పెట్రోమాక్స్ లైటు. ఉదయగిరివాడి గొంతు బాగుంటుందని కూర్చుని డప్పు కొట్టే పని ఇచ్చారు. వాడికి రోషం వచ్చింది. కూర్చోనన్నాడు. సారా కాంట్రాక్టరు వేషం తనకే కావాలని పట్టుబట్టి తెల్ల పంచె కట్టి, చేతికర్ర తిప్పుతూ నడిచాడు. ఆ కర్ర దర్జా కోసమని జనం అనుకున్నారు. ఎంత బాగా చేశాడంటే ఒక ముసలామె లేచి చెప్పు చూపించింది. ఆ రాత్రి తిరిగొచ్చేటప్పుడు వాడు సైకిల్ మీద పాడుతూనే ఉన్నాడు. లెక్కల పేపరు పోయాక వాడు పాడడం వినడం నాకదే మొదలు.

కేంద్రం ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవైంది. రామాలయం అరుగు మీద అయితే కాలనీ ఆడవాళ్ళు రారు, రానివ్వరు. కాలనీలో అయితే ఊళ్ళోవాళ్ళు పోరు. పెద్దమనుషులతో మాట్లాడాం, సారు మాట్లాడారు, మండలాఫీసు నుంచి వచ్చినాయన మాట్లాడాడు. చివరికి రెండు కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. అక్షరం అందరినీ కలుపుతుందని మేము గోడల మీద రాసిన ఊళ్ళోనే ఇది. అరుగు మీద కేంద్రం బుచ్చి అమ్మాయికి, కాలనీలో వేపచెట్టు కింద కేంద్రం నాకు.

మాకు నేర్పిన పద్ధతి ప్రకారం అ, ఆలతో మొదలుపెట్టకూడదు. వాళ్ళకు తెలిసిన మాట ఒకటి తీసుకుని, బొమ్మ చూపించి, దాని మీద మాట్లాడించి, తర్వాత మాటని విడగొట్టి అక్షరాలు చెప్పాలి. అట్లా మూడు వాచకాలు, మొత్తం 200 గంటల చదువు. అంటే పాఠం చెప్పేవాడు ముందు బాగా మాట్లాడాలి. నా సంగతి ఆలోచించుకోండి.

మొదటి రాత్రి లాంతరు చుట్టూ పన్నెండు పదమూడు మంది కూర్చున్నారు. నాట్లకు పోయి వచ్చి, వంట చేసి, తిని, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని. చేతులకింకా బురద వాసన. నేను పుస్తకం తెరిచి బొమ్మ చూపించి మాట చెప్పబోయాను. ‘ప’ దగ్గర పట్టేసింది. పెదాలు మూసుకుపోయాయి, మెడ నరాలు లాగుతున్నాయి, శబ్దం లేదు. కాలేజీలో అయితే ఈపాటికి వెనక బెంచీలో నవ్వు మొదలయ్యేది. ఇక్కడ నిశ్శబ్దం, అదింకా ఘోరంగా ఉంది. ముందు వరసలో ఒక అవ్వ ఉండేది. 35 దాటినవాళ్ళు లెక్కలోకి రారు గనక సర్వేలో ఆమె పేరే లేదు, అయినా అందరికంటే ముందొచ్చి కూర్చునేది. ఆ అవ్వ నా మొహంలోకి చూసి అంది:

“ఏందబ్బయా, నీకు గూడా రాదా?”

అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు. “రాకపోతే ఏమిలే, అందరం కలిసి అందాం పట్టు” అని అవ్వే బొమ్మ మీద వేలు పెట్టి “పలక” అంది. అందరితో పాటు నేనూ అన్నాను. వచ్చింది. మళ్ళీ అన్నాం, మళ్ళీ వచ్చింది.

పక్కవాళ్ళతో గొంతు కలిపి చదివితే నత్తి ఉన్నవాళ్ళకు మాట తేలిగ్గా వస్తుందని, మాటల వైద్యంలో అదొక పద్ధతేనని చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు దగ్గర తెలుసుకున్నాను. అవ్వ ఏ పుస్తకం చదివి చెప్పిందో మరి. ఆ రోజు నుంచి మా కేంద్రంలో ప్రతి పాఠం ముందు అందరం కలిసి చదవడమే. తర్వాత ఒక్కొక్కరూ చదవాలి. ఒక్కొక్కరూ ఎట్లా చదివేవాళ్ళంటే, ‘ప’ అని ఆగి, గాలి పీల్చుకుని, ‘ల’ అని ఆగి, వేలు జరిపి, ‘క’. మధ్యలో నేను కూడా అట్లాగే. ఆ చెట్టు కింద తడబడని వాళ్ళు ఎవరూ లేరు. ప్రపంచంలో నా నత్తి ఎవరికీ కనపడని చోటు అదొక్కటే. ఊళ్ళో నాకు ‘నత్తయ్యోరు’ అని పేరు పెట్టారు, ఎదురుగానే అట్లా పిలిచేవాళ్ళు. కాలేజీలో ఆ మాట ఎవరైనా అని ఉంటే నేను చదువు మానేసేవాణ్ణేమో. ఇక్కడ “నత్తయ్యోరా, మజ్జిగ తాగి పో” అంటే తాగి పోయేవాణ్ణి.

అరుగు మీద బుచ్చి అమ్మాయి కేంద్రం వేరే రకంగా నడిచేది. ఆమె అక్షరాల కంటే అంకెలు ముందు పట్టుకుంది. ఊళ్ళో చిల్లర కొట్టులో బాకీలు ఒక నోటు పుస్తకంలో ఉండేవి. ఎవరికెంత రాశాడో కొట్టువాడికే తెలియాలి. ఆమె ఆడవాళ్ళందరి చేతా ఇంటి గోడ మీద బొగ్గుతో, తెచ్చిన రోజే, తెచ్చిన సరుకు ధర రాయించింది. నెలాఖరున ఒకామె గోడ మీద మొత్తం కూడుకుని కొట్టుకు పోయి లెక్క అడిగితే పెద్ద రభస. కొట్టువాడు మేనత్త ఇంటికొచ్చి “మీ పిల్లని ఊరికి పంపించేయండి” అన్నాడట. తల వంచుకుని రాసుకునే అమ్మాయి ఆ రోజు అరుగు మీద నిలబడి ఆయనతో మాట్లాడిన మాటలు మా కాలనీ దాకా వినిపించాయి. గొంతు ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల ఒక సంసారం ఏమైందన్నది విషయం. ఆ పాఠం వస్తుందని నాకు ముందే తెలుసు, ఒకసారి వెనక్కి నెట్టి వేరే పాఠం చెప్పాను కూడా. చివరికి చెప్పక తప్పలేదు. చదవడం అయ్యాక మాట్లాడించాలి గదా, అది నేను చేయనక్కర్లేకపోయింది. వాళ్ళే అందుకున్నారు. ఒకామె జాకెట్టు చెయ్యి పైకి లాగి కాల్చిన మచ్చ చూపించింది. ఇంకొకామె తాళిబొట్టు కుదువ పెట్టిన రోజు చెప్పింది. తాగే నీళ్ళకు మైలు నడవాలి, ప్యాకెట్టు మాత్రం గుమ్మం దాకా వస్తుంది అని అవ్వ తిట్టింది. నేను తల దించుకుని బలపంతో నేల మీద గీతలు గీస్తున్నాను. మచ్చ చూపించిన అక్క అడిగింది, “మీ ఇంట్లో ఎవరన్నా తాగుతారా నాయనా?”

“మా నాయన” అన్నాను. ‘మా’ దగ్గర ఎంతసేపు పట్టేసిందో చెప్పలేను. ఎవరూ ఆ మాట నా బదులు అందించలేదు. నత్తి ఉన్నవాళ్ళకు అదెంత పెద్ద మర్యాదో తెలుస్తుంది. మీ చుట్టుపక్కల నత్తి వాళ్ళుంటే దయచేసి వాళ్ళ మాట మీరు పూర్తి చేయకండి, ఎంతసేపైనా ఆగండి.

తర్వాత జరిగింది చరిత్ర పుస్తకాల్లోనే ఉంది. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు సారా రానివ్వకుండా అడ్డం తిరిగారు. వాళ్ళకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు జిల్లా అంతా మోగింది. మొదటి వాచకాలు అయిపోయాక వచ్చిన పుస్తకంలో ఆ ఊరి కథ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠంగా వచ్చింది, అది చదివిన ఊళ్ళలో ఇంకో దూబగుంట. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని అంగళ్ళ మీదికి పోయారు. నెల్లూరులో సారా వేలం పాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయి. ఈనాడు ‘సారాపై సమరం’ అని రోజూ వార్తలు వేసేది. కాలనీలో మా విద్యార్థులు పేపరు తెప్పించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, సాయంత్రానికి ఒక వార్త ముగించేవాళ్ళు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం, రెండేళ్ళు తిరిగేసరికి దాన్ని సడలించడం, అవన్నీ తెలిసినవే.

ఇదంతా మేమే చేశామని మా బ్యాచ్‌లో కొందరు ఇప్పటికీ చెప్పుకుంటుంటారు. నాకది నచ్చదు. కొట్లాడింది వాళ్ళు, దెబ్బలు తిన్నదీ వాళ్ళే. మేము లాంతరులో కిరసనాయిలు పోశాం, అంతవరకు చెప్పుకోవచ్చు. రాత్రిపూట పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడానికి అంతకుముందు భజనో చావో కావాలి. చదువు ఒక సాకు దొరికింది.

మా ఊళ్ళో సంగతి మా చిన్నాయన చెబితే తెలిసింది. అంగడి ముందు బైఠాయించిన వాళ్ళలో మా అమ్మ కూడా ఉందట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగితే “అందరూ పోతుంటే పోయినాలే” అని పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. మా నాయన ఆమెతో మాట్లాడడం మానేసి, ఆమె వండింది మాత్రం తింటున్నాడు. ఆయన తాగుడు మానలేదు. అంగడి మూతపడ్డాక పక్క ఊళ్ళ నుంచి నాటుసారా తెప్పించుకున్నాడు, అదీ దొరకని రోజు తాగలేదు. దొరకని రోజులు పెరగడంతో ఇంట్లో బియ్యం నిలవ ఉండడం మొదలైంది. మాకు ఒరిగింది అది, తక్కువేమీ కాదు.

ఉదయగిరివాడు పోయిన పేపరు రాసి పాసై, బీఈడీ చేసి, డీఎస్సీలో సర్కారు బడి పంతులయ్యాడు. కర్ర ఇప్పుడు నిజంగానే అవసరమైంది, దర్జా మాత్రం అట్లాగే ఉంది. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు ఆడవాళ్ళు రోజుకో రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టారు, పొదుపులక్ష్మి అని. బుచ్చి అమ్మాయి ఆ సంఘాలకు లెక్కలు రాయడం నేర్పుతూ ఊళ్ళు తిరిగి, తర్వాత అదే రంగంలో ఉద్యోగం చేసింది. పెళ్ళి తనకు నచ్చినప్పుడు, నచ్చినవాణ్ణి, కట్నం లేకుండా చేసుకుంది. భోజనాల దగ్గర గోడ మీద బొగ్గుతో ఖర్చు రాయాలని మేము ఏడిపించాం.

నేను పోస్టల్ డిపార్టుమెంటులో చేరాను. నత్తి పోలేదు, తగ్గింది. ఫోన్ ఎత్తాలంటే ఇప్పటికీ కాస్త ఆలోచిస్తాను. కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ డబ్బు తీసుకోవడానికి వచ్చిన పెద్దావిడ ఎవరైనా సంతకం పెడతానని పెన్ను తీసుకుంటే, లైన్లో వాళ్ళు ఎంత గొణిగినా నేను తొందరపెట్టలేదు.

అక్షరదీపం ఫెయిలైందని ఉదయగిరివాడు వాదిస్తాడు. మనం నేర్పినవాళ్ళలో ఎంతమంది మర్చిపోయారో లెక్క తీశావా, తర్వాత చదవడానికి పుస్తకాలు ఎవరిచ్చారు, లైబ్రరీ ఎవరు పెట్టారు అంటాడు. చాలామంది మర్చిపోయారన్నది నిజమే. కాలనీలో మచ్చ చూపించిన అక్క పదేళ్ళ తర్వాత కనపడితే సంతకం తప్ప ఏమీ గుర్తులేదంది. కానీ ఆమె కూతురు ఆ పక్కనే నిలబడి ఉంది, నర్సింగ్ చదువుతోంది. దీన్ని పాస్ మార్కుల్లో వేస్తావా లేదా అని నేనడిగితే గ్రేస్ మార్కులు కలపడం ఇన్విజిలేటర్ పని కాదంటాడు. కలిసినప్పుడల్లా ఇదే తగువు, ఇంతవరకు తేలలేదు.

దూబగుంట రోశమ్మ గారు 2016లో పోయినప్పుడు మేము ముగ్గురం ఫోన్లో మాట్లాడుకున్నాం. అప్పుడు తట్టింది, మా దగ్గర ఆ వాచకాలు ఒక్కటి కూడా లేవని. మూడింటిలో ఏదైనా సరే, చినిగినా ఫరవాలేదు, నెల్లూరు జిల్లాలో ఎవరి ఇంట్లో అయినా అటక మీద ఉంటే చెప్పండి, వచ్చి జిరాక్స్ తీయించుకుని పోతాం. ఉదయగిరివాడికి మాత్రం కళాజాత పాటల పుస్తకం కావాలట.